మెరక మడి

ఆ ఊరికి చెరువే దిక్కు. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దూకితే ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిరేవి. దూకకపోతే కుదిరినవి కూడా వాయిదా పడేవి. కట్ట కింద రెండు తూములు, తూముల కింద నూరెకరాల ఆయకట్టు. అంతటికీ నీళ్ళు పంచే నీరటి ఒక్కడే. భుజాన పార, చీకటి పడ్డాక చేతిలో లాంతరు. ఎవరి మడవ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు కట్టాలో అతని ఇష్టం. కోతలయ్యాక కల్లం దగ్గర రైతులు కొలిచి పెట్టే మేరే అతని జీతం.

వెనకటికి ఆ పని ఒకే ఇంటివాళ్ళ చేతిలో ఉండేది. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు. ఆ వరసలో వచ్చిన ఒకడు బావమరిది పొలానికి రాత్రంతా నీళ్ళు వదిలి, తనకు పడనివాళ్ళ మడులను నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టాడు. ఊరు రెండేళ్ళు ఓర్చుకుంది. మూడో ఏడు అందరూ రచ్చకట్ట దగ్గర కూడి, ఇకమీదట నీరటి పని ఎవరి సొత్తూ కాదని తేల్చారు. ఏటా ఉగాదినాడు పార చేయి మారాలి. ఇంటికొకరు, వంతు ప్రకారం. "ఏడాది తిరిగితే దిగిపోయెటోడు ఎవలికి దోచిపెడ్తడు?" అన్నాడు పటేలు. న్యాయమైన మాటే. కాదన్నవాళ్ళు లేరు.

వంతుల పద్ధతి బాగానే నడిచింది. పల్లపు మడులకు నీరటి ఎవరైనా ఒకటే. మడవ తెరిస్తే నీళ్ళు తమంతట తామే దిగి, ఒడ్డు నుంచి ఒడ్డుకు పరుచుకునేవి. కల్లాల్లో వడ్లు రాసులుగా పడేవి. ఊరి పెద్దలు చెరువు మొత్తం మీద ఎన్ని పుట్లు పండాయో లెక్క చూసుకుని, తాము చేసిన ఏర్పాటు మంచిదేనని తృప్తిపడేవాళ్ళు.

తేడా పడింది రాజవ్వ మడికి. అరెకరం మీద కొంచెం ఉంటుంది. మట్టికి వంక పెట్టడానికి లేదు, పిడికిట్లో పట్టి నలిపితే వెన్నలా ఉండేది. చిక్కల్లా అది కాలువ కంటే జానెడు ఎత్తున ఉండటం. కాలువ ఎంత జోరుగా పారినా నీళ్ళు దాని మడవ దాకా వచ్చి, మూతి తడిపి, కిందికి వెళ్ళిపోయేవి. రాజవ్వ పెనిమిటికీ పాత నీరటికీ దాని కిటుకు తెలుసు. ఇద్దరూ ఇప్పుడు లేరు.

వంతుల మొదటి ఏడు పార పట్టినవాడు పద్ధతి గల మనిషి. ఎకరానికి ఇంత సేపని లెక్కగట్టి, ఎవరికీ ఎక్కువ తక్కువలు లేకుండా నీళ్ళు వదిలాడు. రాజవ్వ మడవ కూడా అంత సేపే తెరిచాడు. మడి నడుమ దాకా తడి చేరలేదు.

"నా లెక్క నేను ఇచ్చిన అవ్వా. ఎక్కకపోతే నేనేం జెయ్యాలె?"

"రాత్రిపూట ఇడిసి సూడు బిడ్డా. మా ఆయన ఉన్నప్పుడు రాత్రే పోయెటోళ్ళు. కాలువల ఏందో అడ్డం కూడ ఏసెటోళ్ళు."

"రాత్రయినా పగలయినా నీళ్ళు నీళ్ళే గదా!"

వరి ఈనాక, ఒక మునిమాపు వేళ అతను ఆ దారిన పోతూ రాజవ్వ మడవలో నీళ్ళు నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగి ఉండటం చూశాడు. ఎందుకు పెరిగాయా అని ఒక్క క్షణం నిలబడ్డాడు. అప్పటికే గింజ తాలుపోయింది. ఉగాదికి పార అప్పజెబుతూ తర్వాతివాడితో ఒకే మాట అన్నాడు: "ఆ మెరక మడితోని పెట్టుకోకు, అది పారేది కాదు." ఆ సాయంత్రం తాను చూసినదాన్ని చెప్పాలని అతనికి తోచలేదు.

రెండో ఏటివాడికి బలం ఎక్కువ, తీరిక తక్కువ. నీళ్ళు ఎక్కకపోవడం ఏమిటని పారతో మడవను మూరెడు వెడల్పు చేసి, కాలువ మొత్తాన్ని దానిమీదికి మళ్ళించాడు. నీళ్ళు ఎక్కాయి. నాటి వారం కాని నారును వేళ్ళతో సహా లేపుకుపోయాయి. మూడో ఏటివాడు దయగలవాడు. ముసలమ్మ గోస చూడలేక ఆమె మడవను అందరికంటే రెట్టింపు సేపు తెరిచి ఉంచాడు. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయో అతనికి అర్థం కాలేదు గానీ, అవతలి మడి రైతు తన పండిన చేను మునిగిందని కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ గొడవలో రాజవ్వ కూడా నాలుగు మాటలు పడింది.

అప్పటికి ఊళ్ళో ఆ మడి గురించి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఏటా పారతో పాటు అదీ చేయి మారుతూ వచ్చింది.

నాలుగో ఏడు సాయిలు వంతు. చురుకైనవాడని ఎవరూ అనరు. ఒక పని చెబితే అక్కడే కూర్చుని బీడీ ముట్టించి, దాన్ని కాసేపు చూసి గానీ లేవడు. అతనూ మొదట అందరిలాగే తప్పాడు. అయితే తప్పినచోట కూర్చున్నాడు. పల్లపు రైతులంతా మడవలు కట్టేసి ఇళ్ళకు పోయాక, రెండో జాము దాటితే కాలువ పొంగుతుందని కనిపెట్టాడు. మడవకు దిగువన తుమ్మచెట్టు దగ్గర నాలుగు తట్టల మట్టి అడ్డం వేస్తే ఆ పొంగు ఇంకా పెరుగుతుందని కొన్నాళ్ళకు తెలిసింది. అయినా మడి నిండదు. ఎందుకు నిండదో వెతికితే మూడో ఒడ్డు కింద ఎండ్రకాయల బొరియ కనిపించింది. ఎక్కిన నీళ్ళన్నీ అందులోంచి పక్క మడిలోకి జారుతున్నాయి. మూడో ఏటి గొడవకు కారణం అదే. చివరగా, మడవ మూతిలో పిడికెడు గడ్డి కుక్కితే నీళ్ళు నెమ్మదిగా వస్తాయని, నారు కదలదని అర్థమైంది. ఇదంతా తెలిసేసరికి కార్తీకం వచ్చింది. ఆ ఏడూ రాజవ్వకు దక్కింది సగం తాలే.

ఉగాదికి వంతు మారాలి. తర్వాతి వంతు ఇంటివాళ్ళు తలుపుకు తాళమేసి పనికోసం బొంబాయి పోయారు. ఆ తర్వాతి ఇంట్లో చావు జరిగింది. పార సాయిలు భుజం మీదే ఉండిపోయింది. ఎవరూ ఆలోచించి చేసిన పని కాదది.

ఆ రెండో ఏడు సాయిలు నాట్లు పడ్డాక మొదలుపెట్టలేదు. మృగశిర కార్తె రాకముందే బొరియ తవ్వి, రాయి వేసి, జిగట మట్టితో మెత్తాడు. తుమ్మచెట్టు దగ్గర అడ్డానికి మట్టి ముందే కుప్ప పోసి పెట్టుకున్నాడు. నారు వేసిన రోజు నుంచే రాజవ్వ మడికి రాత్రి నీళ్ళు. కోతల్లో ఆ మడి పక్క మడికంటే ఒక బస్తా తక్కువ పండింది. ఒకటే బస్తా. ఊరు వచ్చి చూసింది.

రచ్చకట్ట దగ్గర మళ్ళీ కూడారు. ఉత్సాహం పట్టలేక పటేలు, ఇక సాయిలే బతికినన్నాళ్ళూ నీరటి అన్నాడు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, బావమరిది పొలానికి నీళ్ళు పారించినవాణ్ణి అప్పుడే మరిచిపోయారా అని అడిగాడు. మాటామాటా పెరిగింది. అప్పటిదాకా గుంజకు ఆనుకుని కూర్చున్న రాజవ్వ నోరు విప్పింది.

"నాకు సాయిలే గావాలని నేనంటలేను. నా మడి ఎరుకైనోడు గావాలె. ఎరుకయ్యేటాల్లకు ఒక ఏడు పోతది. ఆ ఏడు నేను పస్తులుండి కట్టిన ఫీజు. కట్టినంక వానిని దించుతరు, మల్ల కొత్తోనికి కడ్తున్న. ఎన్నిసార్లు కట్టాలె? ఇగ వాడు మంచోడు గాకపోతే, మార్చుమని అడిగే హక్కు ముందుగాల నాకియ్యిండ్రి, పల్లపోళ్ళకు గాదు."

సాయిలుకూ ఒక మాట ఉంది. "రాత్రి పని. మేర అందరిలెక్కనే ఇస్తమంటే నా తోని గాదు. ఇంకో సంగతి, నాకు ఒంట్లో బాగలేనప్పుడు 'నేను జెయ్యలేను' అంటే నన్ను తిట్టొద్దు."

పార మూడేళ్ళు ఒకే చేతిలో ఉండాలని ఊరు తేల్చింది. మూడేళ్ళు నిండకముందు మార్చాలంటే మెరక మడులవాళ్ళను అడగాలి. దిగేవాడు కొత్తవాడితో ఒక నెల రాత్రులు కాలువ వెంట నడవాలి. మేర సంగతి మాత్రం వచ్చే కూటంలో చూద్దామన్నారు. మేర సంగతి ఎప్పుడూ వచ్చే కూటంలోనే చూస్తారు.

నీతి

కథల పుస్తకంలో అయితే కింద ఒక వాక్యం అచ్చు వేస్తారు: మెరక మడికి ఏటేటా నీరటిని మార్చకు. బడి భాషలో చెప్పాలంటే, చదవడం, రాయడం, లెక్క చేయడం తోటివాళ్ళలా పట్టుబడని పిల్లలను ప్రతి జూన్‌లోనూ కొత్త టీచరు చేతిలో పెట్టకండి, రెండు మూడేళ్ళు ఒకరి దగ్గరే ఉంచండి. ఈ కథ చెప్పింది అందుకే. కానీ ఒక్క వాక్యంతో సరిపెడితే పటేలు తొందరపాటే మనకూ అంటుకుంటుంది కాబట్టి కొంచెం విడమరచాలి.

రెండో తరగతి పిల్లవాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. 'ఘ', 'మ', 'య' పక్కపక్కన పడితే తడబడతాడు. ఒత్తు కనిపిస్తే మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహించేస్తాడు. 'చక్కెర' అని ఉంటే 'చక్రం' అని ధీమాగా చదువుతాడు. అదే పిల్లవాడు కథ వింటే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, అందులో మేక గొంతు, నక్క గొంతు కూడా వేరువేరుగా పెట్టి. వాచకం బయటికి చదివే వంతు వరసగా వస్తూ తనకు ఇద్దరి ముందు దాకా రాగానే లేచి "టీచర్, నీళ్ళు తాగొస్తా" అంటాడు. జూన్‌లో టీచరుకు అతను దాహం ఎక్కువున్న పిల్లవాడు. ఆగస్టులో పని దొంగ. ఈ దాహం తెలుగు పీరియడ్‌లోనే ఎందుకు వస్తోందని ఆమెకు అనుమానం వచ్చేసరికి దసరా సెలవులు వచ్చేస్తాయి. ఆ తర్వాత ఆమె ఒక్కొక్కటే కనిపెడుతుంది. వరసలో పిలవకుండా 'రేపు నువ్వు ఈ రెండు వాక్యాలు చదవాలి' అని ముందురోజే చెబితే ఇంటిదగ్గర అక్కతో చదివించుకుని వస్తాడు. చదివే వరస కింద అట్టముక్క పెడితే కళ్ళు కింది వరసలోకి జారవు. ప్రశ్న చదివి వినిపిస్తే జవాబు టకటకా చెబుతాడు. జనవరికి ఆ పిల్లవాడు నీళ్ళకు లేవడం మానేస్తాడు. ఏప్రిల్‌లో సెలవులు. జూన్‌లో మూడో తరగతి, కొత్త టీచరు, వరసలో వంతు, మళ్ళీ దాహం.

మధ్యలో ఒక రికార్డు వెళుతుంది, నిజమే. అందులో గ్రేడు ఉంటుంది, 'చదవడంలో వెనుకబడి ఉన్నాడు' అన్న వాక్యం ఉంటుంది. అట్టముక్క సంగతి ఉండదు. తీర్పు సులభంగా చేయి మారుతుంది, తెలిసిన ఉపాయం మారదు. ఉపాయాలను కాగితం మీద పెట్టలేమని కాదు, పెట్టి తీరాలి కూడా. కానీ పిల్లవాడు భయంతో నవ్వుతున్నాడా, అర్థమై నవ్వుతున్నాడా అన్నది ఏ రికార్డులో రాస్తారు? అది చూసి చూసి అలవాటయ్యే విషయం.

అభ్యసన వైకల్యం అన్న మాట మనకు కొత్తది కావచ్చు గానీ ఈ సంగతి పాతదే. 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పధ్నాలుగేళ్ళ పెర్సీ గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. తెలివైనవాడు, అంకెలు చక్కగా చదువుతాడు, బీజగణితం లెక్క కూడా చేస్తాడు. అక్షరాలే లొంగవు. తన పేరే అక్షరాలు తారుమారు చేసి రాసి, ఒకటికి రెండుసార్లు ఎత్తి చూపితే గానీ తప్పు గుర్తించలేదు. ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నదాని తొలి వర్ణనల్లో అదొకటని వైద్య చరిత్రలో చెబుతారు. ఆ వ్యాసంలో నాకు వైద్యుడి పరీక్షల కంటే ఎక్కువ ఆసక్తి కలిగించింది మధ్యలో వచ్చే ఒక బడిపంతులు. చదువంతా నోటిమాటగా సాగితే బడి మొత్తంలో వీడే అందరికన్నా చురుకైనవాడు అయ్యేవాడని ఆయన చెప్పాడట. పెర్సీకి ఆయన కొన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాడని మోర్గన్ పనిగట్టుకుని రాశాడు. ఏడాదికొక పంతులు మారి ఉంటే ఆ మాట అనగలిగేవారు ఎవరూ ఉండేవారు కాదు.

మన చట్టం ఈ పిల్లలను గుర్తించడానికి చాలా ఆలస్యం చేసింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, అభ్యసన వైకల్యం వాటిలో లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్కాల్క్యులియా వంటివాటిని 'నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు' అన్న పేరుతో చేర్చింది. పిల్లల్లో వీటిని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధన పద్ధతులు పాటించమని బడులను ఆదేశించింది. ఇంతవరకు బాగుంది. ఆ తర్వాత 2018లో వచ్చిన మార్గదర్శకాలు ధ్రువపత్రం ఇవ్వడానికి పిల్లలకు ఎనిమిదేళ్ళు నిండాలన్నాయి. దానికి వైద్యపరమైన కారణం ఉంది. చిన్న వయసులో ఆలస్యంగా నేర్చుకోవడానికీ, వైకల్యానికీ తేడా తేల్చడం కష్టం. కానీ ఎనిమిదేళ్ళంటే మూడో తరగతి. అప్పటికి ఏటా ఒకరు చొప్పున మారితే ఇద్దరు టీచర్లు వచ్చి వెళ్ళిపోయి, మూడోవారు వచ్చి ఉంటారు. కాగితం చేతికి రాకముందు ఆ పిల్లవాడి గురించి తెలియాల్సింది ఎవరికి? ఒకటో తరగతిలో చూసిన తడబాటే మూడో తరగతిలోనూ ఉందని చెప్పగలిగేది రెండుచోట్లా చూసిన మనిషే. ఒక్క ఏడాది మాత్రమే చూసినవారికి అది కొత్తగా కనిపిస్తుంది, పెద్దయితే అదే సర్దుకుంటుందిలే అనుకుంటారు. వాళ్ళ తప్పు కూడా కాదు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో 50 ప్రాథమిక పాఠశాలల మీద జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగ్గది. హార్వర్డ్ ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ దాని ఫలితాలను 2018లో ప్రచురించాడు. ఒకే టీచరు అన్ని సబ్జెక్టులూ చెప్పే బదులు, ఎవరికి ఏది బాగా వస్తే అది చెప్పించారు. లెక్కల్లో దిట్ట లెక్కలు, భాషలో దిట్ట భాష. వినడానికి ఎంత సబబుగా ఉంది! ఫలితం తిరగబడింది. మార్కులు తగ్గాయి, గైర్హాజరీ పెరిగింది. ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలకు అందరికంటే ఎక్కువ నష్టం జరిగింది. పాఠం బాగా తెలిసిన టీచరు దొరికారు, పిల్లవాడు బాగా తెలిసిన టీచరు పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 నంబరు జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించి, సబ్జెక్టు టీచర్లకు అప్పగించినప్పుడు వాదనలు ఎక్కువగా బడి దూరం గురించి, పోస్టుల గురించి సాగాయి. ఆ జీవో తర్వాత రద్దయింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు రోజుకు ఎంతమంది టీచర్ల ముందు కొత్తవాడిగా నిలబడాలన్న ప్రశ్న మీద కూడా అంత గొడవ జరిగి ఉండాల్సింది.

ఒకే టీచరు దగ్గర రెండో ఏడు గడిపితే ఏమవుతుందని సూటిగా లెక్కించిన పరిశోధనలూ ఉన్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినా, టెనెస్సీ రాష్ట్రాల బడి రికార్డులతో చేశారు. లాభం ఉందని తేలింది, అయితే అది చిన్నదే. ఈ 'చిన్నదే' అన్న మాట పట్టుకుని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు. సగటు అన్నాక అలాగే ఉంటుంది. టీచరు మారినా పెద్దగా నష్టపోని పిల్లలు తరగతిలో ఎక్కువమంది ఉంటారు, వాళ్ళందరినీ కలిపి భాగించినప్పుడు ఇద్దరు ముగ్గురికి కలిగిన మేలు దశాంశ బిందువు వెనక్కి వెళ్ళిపోతుంది. పెద్దలు చెరువు మొత్తం పంట చూసి తృప్తిపడ్డట్టే.

ఇదేమీ ఎక్కడా చేయని పని కాదు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం రుడాల్ఫ్ స్టైనర్ మొదలుపెట్టిన వాల్డార్ఫ్ బడిలో, ఒకటో తరగతిలో చేతబట్టిన టీచరే ఎనిమిదో తరగతి దాకా తీసుకెళ్ళాలన్నది పద్ధతి. స్టైనర్ తాత్వికత నాకు అంతగా ఎక్కదు, ఈ ఒక్క ఏర్పాటు మాత్రం ఎక్కుతుంది. అంత దూరం పోనక్కర్లేదు. మన ఏకోపాధ్యాయ పాఠశాలల్లో, బదిలీ అడ్డు రాకపోతే, ఐదేళ్ళూ ఒక్కరే టీచరు. అక్కడ అది లేమి వల్ల వచ్చింది, ఐదు తరగతులను ఒక్కరే లాగాల్సి రావడం గొప్ప విషయమేమీ కాదు. కానీ ఆ టీచర్లను కదిలించి చూడండి, ఏ పిల్లవాడికి ఎక్కడ ముడిపడిందో పుస్తకం చూడకుండా చెబుతారు. ఇద్దరు ముగ్గురు టీచర్లున్న బడుల్లోనే, సదుపాయం కాస్త పెరిగినచోటనే, మనం ఆ ఎరుకను ఏటా పారబోస్తున్నాం.

ఇక ముసలాయన అభ్యంతరం. టీచరు మంచివారు కాకపోతే? పిల్లవాణ్ణి మొద్దు అని ముద్రవేసి వెనక బెంచీలో కూర్చోబెట్టే మనిషి దగ్గర ఐదేళ్ళంటే అది శిక్ష. దీనికి తేలిక జవాబు లేదు. ఏటా మారడంలో ఉన్న ఒకే ఒక్క గొప్ప ఏమిటంటే, చెడ్డ ఏడు పన్నెండు నెలల్లో అయిపోతుంది. అందుకే తలుపు రెండువైపులా తెరిచి ఉండాలంటాను. తల్లిదండ్రులు అడిగితే కారణాలు నిరూపించమనకుండా మార్చాలి. టీచరు తన వల్ల కావడం లేదంటే ఆమెను తక్కువ చేసి చూడకుండా వదిలిపెట్టాలి. చదవలేని పిల్లవాడితో రోజూ ముప్పావుగంట కూర్చోవడం వల్ల వచ్చే అలసట వేరు, మిగిలిన ముప్పైమంది గోల మధ్యన అది ఇంకా వేరు. రెండో ఏడూ ఆ బాధ్యత తీసుకునే టీచరుకు బోధనేతర పనుల్లో కొన్నైనా తగ్గించకపోతే, ఆ కొనసాగింపు ఆమె మంచితనం మీద నడుస్తుంది, మంచితనానికి ఏప్రిల్ ఎండలు పడవు.

'తారే జమీన్ పర్' సినిమా 2007లో వచ్చినప్పుడు మన ఊళ్ళలో కూడా జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. డిస్లెక్సియా అన్న మాట చాలా ఇళ్ళకు ఆ సినిమాతోనే చేరింది. అందులో పిల్లవాడి చిక్కును కనిపెట్టింది తాత్కాలికంగా వచ్చిన ఆర్ట్ టీచరు. వేసవి సెలవులకు ఇంటికి పోతూ పిల్లవాడు వెనక్కి పరుగెత్తుకొచ్చి ఆయన చేతుల్లో వాలడంతో సినిమా అయిపోతుంది. సెలవుల తర్వాత ఏమైందన్నది నా ప్రశ్న. ఆ తాత్కాలిక టీచరు జూన్‌లో ఆ బడిలో ఉన్నాడా? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో పెట్టిన భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్ల, అంటే ఐఈఆర్‌పీలదీ అదే పరిస్థితి. ఆ పిల్లలను ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు వాళ్ళే, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళూ వాళ్ళే. కొనసాగింపు అవసరమైన చోట ఉద్యోగాన్ని ఏడాది ఒప్పందంగా పెట్టడం మన పాలనకే చెల్లింది.

బదిలీల వల్ల ఇదంతా సాధ్యం కాదని హెచ్ఎంలు అంటారు. పూర్తిగా నిజం కాదు. ఒక టీచరు ఒక బడిలో ఎనిమిదేళ్ళు నిండాకే తప్పనిసరిగా బదిలీ కావాలన్నది మన నిబంధన. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఒక జట్టు పిల్లలను తీసుకెళ్ళడానికి అది చాలు, ఇంకా మిగులుతుంది. అడ్డు పడేది బడి లోపలే. 'ఒకటో తరగతి ఫలానా మేడమ్‌ది, ఐదు ఫలానా సార్‌ది' అన్న అలవాటు, దాని వెనక సీనియారిటీ, గది, ఫ్యాను, కిటికీ. జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచిన మొదటి వారంలో పుస్తకాల పంపిణీ, అడ్మిషన్ల హడావిడి నడుమ పది నిమిషాల్లో తరగతుల పంపకం ముగుస్తుంది. అప్పటికి పాత టీచరు మనసులోంచి సెలవులు సగం తుడిచేసి ఉంటాయి.

ఆ పంపకాన్ని ఏప్రిల్ మూడో వారానికి జరపవచ్చు. పరీక్షలు అయిపోయి, పిల్లల పేర్లు నాలుక మీద ఉండగానే, తరగతి టీచర్లందరూ కూర్చుని ఆ నలుగురైదుగురు పిల్లల సంగతి ముందు మాట్లాడుకోవాలి. ఎవరితో ఎవరు పైతరగతికి వెళ్ళాలో తేల్చుకుని, మిగతా జాబితా ఆ తర్వాత రాయాలి. ఎవరైనా బదిలీ మీద వెళ్ళిపోతుంటే, వచ్చేవారు ఇంకా తెలియకపోయినా, అట్టముక్క సంగతి, ముందురోజు చెప్పే రెండు వాక్యాల సంగతి ఒక తెల్లకాగితం మీద రాయించి రికార్డుకు పిన్ను చేయాలి. ఆ రోజు తల్లినో తండ్రినో కూడా పిలవాలి, పిల్లవాణ్ణీ ఒక మాట అడగాలి. దీనికి జీవో రానక్కర్లేదు. హెచ్ఎం ఒక మధ్యాహ్నం ఇస్తే చాలు.